ఆర్లిస్‌కూ నాకూ కలిసి ఒక రివాల్వర్

పౌడర్ నది ఎగువన మా లోయలో రివాల్వర్ పట్టుకోవడం చేతనైన వాళ్లంతా ఆర్లిస్ ప్రూయిట్ దగ్గర నేర్చుకున్నవాళ్లే. నేను అతనితో ఒకే గది బడిలో ఎనిమిదో తరగతి దాకా పక్కన కూర్చున్నవాణ్ణి. ఆ తర్వాత ఎవరూ ఎక్కలేని గుర్రాల్ని దారికి తెచ్చాను. వరదకు పోయిన వంతెనను నిలబెట్టాను. బడి సంఘానికి పెద్దగా ఉన్నాను. ఎవర్నడిగినా చెబుతారు. కానీ ఆర్లిస్ లాంటివాడు నన్ను నమ్మి ఒక తుపాకీలో సగం వాటాకు ఒప్పుకున్నాడే, అది వీటన్నిటికన్నా పెద్దదని నా లెక్క.

పెళ్లికాక ముందు ఇద్దరం ఒకే పశువుల ఆసామి దగ్గర పనిచేస్తూ చెరిసగం వేసుకుని దాన్ని కొన్నాం. వసంతంలో దూడలకు గుర్తుగా వాతలు పెట్టే రోజున అది నా చేతికి వచ్చేది. ఆకులు రాలే కాలంలో దూడల్ని అమ్మకానికి తోలాక అతని ఇంటికి వెళ్లేది. చేతులు మారే పద్ధతి ఆర్లిస్ పెట్టిందే. ఇచ్చేవాడు గొట్టం నేలవైపు తిప్పి, చక్రాన్ని తిప్పుతూ తూటాలుండే ఆరు గదులూ చూపించి "ఖాళీ" అనాలి. తీసుకునేవాడు ప్రతి గదీ కళ్లారా చూసి "చూశాను" అనాలి. పిడి అందించడం ఆ తర్వాతే. వాడేటప్పుడు కూడా అయిదు తూటాలే నింపాలి. తూటాను కొట్టే సుత్తి కింద గది వట్టిగా ఉండాలి, ఆ పాతరకం తుపాకీ జారిపడినా పేలుతుంది మరి.

"ఇప్పుడే నీ ఎదురుగా తూటాలు దింపాను కదరా, మళ్లీ చూడాలా?" అని కుర్రతనంలో ఒకసారి విసుక్కున్నాను.

"నీ మీద నమ్మకముందిరా ఎల్డన్. తుపాకీ మీదే లేదు" అన్నాడు.

దాంతో విషపు గిలకపాముల్ని కొట్టాం. కాలు విరిగిన గుర్రాల బాధ తీర్చాం. మనిషికి మాత్రం గీత పడలేదు.

భార్య మేబెల్ పోయాక ఆర్లిస్‌కు మరుపు మొదలైంది. దడి తలుపు తీసి మరిచిపోయేవాడు. జీను దించకుండా గుర్రాన్ని కొట్టంలో వదిలేసేవాడు. కూతురు నోరీన్ పిల్లల్ని తీసుకుని వచ్చి అతని దగ్గరే ఉండిపోయింది.

ఆ ఏడు వాతల రోజున జనమంతా బీన్స్ కంచాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఏటా చూసే తంతే అయినా చూడ్డం వాళ్లకు సరదా. ఆర్లిస్ నా వైపు నవ్వుతూ చక్రం తిప్పాడు. "ఖాళీ" అన్నాడు. ఒక గదిలో తూటా ఇత్తడి మెరిసింది.

ఈ లోయకంతటికీ నేర్పినవాడు. అందరి ముందూ.

"చూశాను" అన్నాను. తుపాకీ తీసుకుని, ట్రక్కు వెనక్కి వెళ్లి ఆ తూటా దింపి జేబులో వేసుకున్నాను.

వేసవంతా నాకు అదే గుబులు. తిరిగిస్తే ఆ ఇంట్లో నోరీన్ పిల్లలు తిరుగుతున్నారు. ఇవ్వకపోతే ఆర్లిస్ బతికుండగానే అతణ్ణి చచ్చినవాడి కింద జమకట్టినట్టు. నోరీన్ వచ్చి, పొయ్యి మీద కాఫీ కుండ రెండుసార్లు మాడిందని చెప్పి ఏడ్చింది. "ఇవ్వకు బాబాయ్. నేను చెప్పానని మాత్రం అనకు" అంది.

దూడల్ని తోలిన మర్నాడు ఆర్లిస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తుపాకీ చుట్టుకుపోయే పిండి సంచి పట్టుకుని వచ్చాడు. సుత్తి పాడైంది, బాగుకిచ్చానని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. అతని మొహం చూశాక ఆ అబద్ధం వదిలేశాను. తుపాకీ తెచ్చి, చక్రం తిప్పి "ఖాళీ" అన్నాను.

అతను ప్రతి గదీ చూశాడు. చూశానని మాత్రం అనలేదు.

"వాతలనాటి తూటా ఏదిరా?"

అది నా జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను.

"ఇంట్లో తూటాల పెట్టెలో ఒకటి తగ్గింది. వెతికి వెతికి, నీ దగ్గరే ఉందని తెలుసుకున్నా. నువ్వే చెబుతావని కూర్చున్నా."

"అందరూ ఉన్నారురా. నీ పరువు పోతుందని..."

"నా బుర్రే పోతోంది, పరువొక లెక్కా? నాకు మతి తప్పినా, నువ్వు చూశానంటే చూసినట్టేనన్న ధైర్యంతో ఉన్నానురా. అది కూడా లేకుండా చేశావు."

తుపాకీ నా చేతిలోంచి తీసుకున్నాడు. చక్రం మళ్లీ మొదటినుంచి తిప్పి, ప్రతి గదీ చూపించి "ఖాళీ" అన్నాడు. నేను వంగి చూశాను. కళ్లు మసకేసి ఏమీ కనబడలేదు. తుడుచుకుని మళ్లీ చూశాను. అప్పుడు "చూశాను" అన్నాను. తుపాకీ నా చేతిలో పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పిండి సంచి కుర్చీ మీదే ఉండిపోయింది.

మరుసటి వసంతంలో వాతల దగ్గరికి నోరీన్ అతణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. జనాన్ని చూసి, తుపాకీ వంతు ఎవరిదని అడిగాడు. ఎల్డన్ బాబాయిదని నోరీన్ నన్ను చూపించింది.

ఆర్లిస్ కొత్తవాణ్ణి పలకరించినట్టు నాకు మర్యాదగా తలవంచాడు. తర్వాత కూతురితో మెల్లగా అన్నాడు, "ఆయనెవరో గానీ, ప్రతి గదీ చూసి తీసుకోమని చెప్పమ్మా."