బారెల్ మీద బొటనవేలు

ఆ రైఫిల్ క్లబ్బులో ఆమెను అందరూ తాళాలమ్మ అనేవారు. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూడనిదే ఆమె అడుగు ముందుకు పడేది కాదు. ఇంట్లోనూ అంతే. వీధి మలుపు దాకా వెళ్లి, గ్యాసు కట్టానో లేదోనని వెనక్కి వచ్చేది. బస్సు డ్రైవరైన ఆమె భర్త, "నీతో ప్రయాణమంటే సగం దూరం రివర్సు గేరే" అని నవ్వేవాడు. ఆ గుణమే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. పనిలోకి తీసుకున్న రోజే కోచ్ చెప్పాడు: "తుపాకుల దగ్గర నిశ్చింతగా ఉండేవాళ్లు నాకొద్దమ్మా."

పదకొండేళ్లు ఇరవై రెండు రైఫిళ్లను ఆమె కంటికి రెప్పలా చూసుకుంది. అప్పట్లో అవి పై అంతస్తులో, గాలి బాగా ఆడే గదిలో, జాలీ తలుపుల బీరువాలో ఉండేవి. ఆ ఏడాది వానల ముందు క్లబ్బువాళ్లు కొత్త ఉక్కు బీరువా కొన్నారు. నిప్పంటుకున్నా లోపలివి కాలకుండా దాని గోడల్లో మందపాటి పలకలు నింపారు. అంత బరువును పైకి ఎక్కించలేక కింద సెల్లారులో పెట్టించారు. రైఫిళ్లకు కొత్త స్పాంజి కవర్లు కూడా తొడిగారు. తలుపు మూస్తే చీమ దూరే సందు కూడా లేదు.

కొత్త బీరువా వచ్చిన మూడో వారంలో తాళాలమ్మ కోచ్ సొంత రైఫిల్ కవరు తీసి చూసింది. బారెల్ మీద ఎర్రటి మరక. బొటనవేలంత ఉంది, మధ్యలో అడ్డంగా సన్నని గీత. నూనె గుడ్డతో రుద్దితే ఎరుపు పోయింది కానీ ఉక్కు మీద చిన్న గుంట మిగిలింది. మర్నాడు మరో రెండు రైఫిళ్ల మీద అలాంటివే కనిపించాయి.

కోచ్ ఆ గుంట మీద గోటితో గీసి చూశాడు.

"ఇన్నేళ్లలో ఒక్క మచ్చ లేదు. ఇరవై రోజుల్లో పోటీలు. ఇప్పుడేమిటమ్మా ఇది?"

ఆయన అరిచి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. అరవలేదు.

ఆ రోజునుంచి ఆమెకు కాలు నిలవలేదు. తేమ మీటరు తెచ్చి బీరువాలో పెట్టింది. యాభై దాటకూడదన్న ముల్లు డెబ్బై రెండు చూపించింది. తేమ పీల్చే సిలికా పూసల సంచులు వేలాడదీసింది. నీలంగా ఉండాల్సిన పూసలు రెండు రోజుల్లో గులాబీ రంగుకు తిరిగాయి. అరగంటకోసారి తలుపు తీసి మీటరు చూసేది. పనిలో పనిగా ప్రతి బారెల్‌నూ ఒట్టి చేత్తో నిమిరేది. గుడ్డతో అయితే గరుకు తెలియదు కదా! అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, మళ్లీ లేచేది.

ఎక్కడో ఒకచోట తప్పు దొరకాలి. సెల్లారు తుడిచే పెద్దాయన కళ్లబడ్డాడు.

"ఆయన బకెట్లకు బకెట్లు గుమ్మరిస్తాడు సార్. చెమ్మంతా అక్కణ్నుంచే" అని కోచ్‌తో చెప్పేసింది.

పెద్దాయన్ని బయట ఆవరణ ఊడ్చే పనికి మార్చారు. వెళ్లేముందు ఆయన ఒక్క మాటే అన్నాడు: "గుడ్డ పిండే తుడిచానమ్మా."

తర్వాత నేల మీద చుక్క నీరు పడలేదు. మీటరు మాత్రం డెబ్బై దగ్గరే ఊగింది. ఇంకో రైఫిల్ మీద మరక వచ్చింది. పై కిటికీలోంచి చూస్తే పెద్దాయన వానలో చీపురు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆమె కిటికీ మూసేసింది. కాసేపాగి మళ్లీ తీసింది.

ఆదివారం ఆమె లేత్ వర్క్‌షాపులో పనిచేసే తమ్ముడి దగ్గరికి వెళ్లింది. అంతా విని అతను తల గోక్కున్నాడు.

"ఆ నిప్పు పలకల్లోనే తేమ ఉంటుందక్కా. మూసిన పెట్టెలో అదెటు పోతుంది? పైగా స్పాంజి కవర్లా! తడి తువ్వాలు చుట్టినట్టే. ఏదీ, నీ చెయ్యి ఇటివ్వు."

ఆమె అరచెయ్యి చెమటతో జిగటగా ఉంది.

"మా దగ్గర ఒకాయన ఉండేవాడు. ఆయన ముట్టుకున్న ఇనుము మర్నాటికి ఎర్రబడేది. కొలతలు చూసే గేజీల దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు."

"పదకొండేళ్లుగా తుడుస్తున్న చెయ్యిరా ఇది!"

"అప్పుడు గాలికి ఆరిపోయేది. ఇప్పుడు లోపలే ఊరుతోంది."

అతను మూడు ఉక్కు ముక్కలు నున్నగా సానబట్టి తుడిచాడు. ఒకదాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఒకదాన్ని తను ముట్టుకున్నాడు, ఒకదాన్ని ఆమె చేత నొక్కించాడు. తడి దూదితో పాటు డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

మంగళవారం పొద్దున ఆమె డబ్బా తెరిచింది. రెండు ముక్కలు తెల్లగానే ఉన్నాయి. మూడోదాని మీద ఎర్రగా ఆమె బొటనవేలు. ఎప్పుడో కత్తిపీట కోసిన గాటు కూడా అడ్డంగా, స్పష్టంగా దిగింది. రైఫిల్ మీద చూసిన గీత అదే.

బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి విసిరేస్తే ఎవరికీ తెలియదు. చేతులకు తొడుగులు వేసుకుంటే మరకలు ఆగుతాయి, పెద్దాయన మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది. రెండుసార్లు డబ్బా కిటికీ దాకా ఎత్తింది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఒక స్టాపు దూరం వెనక్కి నడిచింది.

పెద్దాయన్ని వెంటబెట్టుకుని కోచ్ గదికి వెళ్లి డబ్బా బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది సార్. మరకలు నా చేతివి. బాబాయ్‌ది ఏమీ లేదు."

కోచ్ ఉక్కు ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు. "తొడుగులు వేసుకోమని నేనే చెప్పాల్సింది" అన్నాడు చివరికి.

"నాలుగు వానలు తడిశానమ్మా" అన్నాడు పెద్దాయన.

"చూశాను బాబాయ్. పైనుంచి చూస్తూనే ఉన్నాను."

"చూసి?"

ఆమె డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసింది. ఆయన మళ్లీ అడగలేదు. వారం పాటు ఆమెతో మాట్లాడనూ లేదు.

స్పాంజి కవర్లు తీసేశారు. బీరువా అడుగున సన్నని వేడినిచ్చే కరెంటు కడ్డీ బిగించారు. పూసల్ని పెనం మీద వేయించి మళ్లీ నీలంగా చేశారు. నూలు తొడుగులు వచ్చాయి. తలుపు రోజుకు రెండేసార్లు తీయాలని కోచ్ నియమం పెట్టాడు. పది రోజుల్లో మీటరు నలభై ఎనిమిదికి దిగింది. పోటీల్లో కోచ్ దగ్గర నేర్చుకునే అమ్మాయి మొదట మరక పడ్డ ఆ రైఫిల్‌తోనే మూడో స్థానం తెచ్చింది.

తాళాలమ్మకు తలుపు తీయకుండా ఉండడమే అన్నిటికంటే కష్టమైంది. తాళాల మీదికి చెయ్యి దానంతటదే పోయేది. మళ్లీ సెల్లారుకు వచ్చిన పెద్దాయన ఒకరోజు అది గమనించి, మెట్టు మీద కాస్త పక్కకు జరిగాడు.

"తలుపు తీయడానికి ఇంకా గంటన్నర ఉంది. కూర్చోండి."

ఆమె కూర్చుంది. మనవరాలికి కొత్తగా వచ్చిన పన్ను గురించి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. "పైదా, కిందిదా?" అని ఆమె మధ్యలో అడిగింది. అది ఆయన అప్పటికే రెండుసార్లు చెప్పాడు; మూడోసారీ చెప్పాడు.