ఇద్దరం చేసిన పని

కాటా మీద లారీ ఆపిన డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టి, "తమ్మీ, మీ అన్న పోయిండట గద. పొద్దుగాల గుండె ఆగిందట," అన్నాడు. బరువు తెర మీద నిలిచింది, చీటీ అచ్చయింది, చించి ఇచ్చాను. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. అన్న చేయాల్సిన ఉద్యోగంలో, ఆయన కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుని ఆ కబురు విన్నాను. ఆయన గురించి రాయాలని ఉంది. రాయబోతే దుఃఖం కంటే సిగ్గే ముందు వస్తోంది.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కమాన్‌పూర్ పక్క పల్లె, ఆయనది గోదావరిఖని. ఓపెన్‌కాస్టు గని నుంచి బొగ్గు తీసుకుపోయే లారీలను తూచే కాటా అది. అక్కడి కంప్యూటర్లు, కెమెరాలు, వాటిని నడిపే ప్రోగ్రామ్ చూడడం మా పని. ఒక షిఫ్టు ఆయనది, ఒకటి నాది. డిప్లొమా కాగితం పట్టుకుని వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే. అందరితో మంచిగా ఉండేవాడని చెప్పను. డ్రైవర్లతో ఊరికే తిట్లకు దిగేవాడు. కానీ డ్యూటీ దిగే ముందు పెయింటు బ్రషుతో కీబోర్డు మీది బొగ్గు దుమ్ము దులిపి మరీ లేచేవాడు. "నా దుమ్ము నీకెందుకు అప్పజెప్పాలె," అనేవాడు.

మాది కాంట్రాక్టు నౌకరి. టెండరు మారినప్పుడల్లా కంపెనీ పేరు మారుతుంది, మనిషీ కుర్చీ మారవు. నేను ఆ పేర్లన్నీ నా రెజ్యూమేలో వరుసగా రాసుకుని ఒకసారి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోయాను. ఎదుట కూర్చున్నాయన చూసి, "ఎక్కడా నిలకడగా ఉండవా?" అని అడిగాడు. అన్నాళ్లూ ఒక్క చోటే ఉన్నానని చెప్పకుండానే లేచి వచ్చేశాను. తిరిగొచ్చి చెబితే అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాలుగు పెండ్లిళ్లు చేసుకున్నోని లెక్క రాసుకున్నవ్ గదరా! కంపెనీల పేర్లు కింద చిన్నగ పెట్టు. పైన కాటా అని రాయి, ఆడ నువ్వేం చేసినవో రాయి."

అప్పుడే ఫోనులో నా రెజ్యూమే తెరిచి కొట్టేస్తూ పోయాడు. నాన్న పేరు తీసేశాడు, పదో తరగతి చదివిన బడి తీసేశాడు. ఎవరూ వాడని పాత సాఫ్ట్‌వేర్ల పేర్లూ పోయాయి. హాబీల దగ్గర ఆగాడు. "క్రికెట్ అని రాసినవ్. నువ్వు ఆడంగ నేనైతే సూడలే." నాకు రానిది వచ్చని రాయనిచ్చేవాడు కాదు. అప్పటి నుంచి ఏ కొత్త పని చేసినా షిఫ్టు దిగేలోపే అందులో ఒక ముక్క చేర్పించేవాడు. "నౌకరి పొయ్యేనాడు కూసొని రాస్తే ఏం యాదికొస్తది? పని గరం గరం ఉన్నప్పుడే రాయాలె," అనేవాడు.

వానాకాలంలో నెట్ పోతే తూకాలు ఆఫీసుకు చేరేవి కావు, లారీలు గేటు బయటిదాకా ఆగిపోయేవి. నెట్ లేనప్పుడు తూకాన్ని ఇక్కడే దాచి, వచ్చాక దానంతటదే పంపే ప్రోగ్రామ్ ఒకటి ఇద్దరం కలిసి రాశాం. ఆలోచన ఆయనదే. రాసిన దాంట్లో సగం నాది. కొన్నాళ్లకు టెండరు మారి, కొత్త కాంట్రాక్టరు అందరి రెజ్యూమేలూ అడిగాడు. అన్న నాది ముందేసుకుని ఆ ప్రోగ్రామ్ సంగతి అన్నిటికంటే పైన పెట్టించాడు.

"ఇద్దరం చేసినం గదనే?" అన్నాను.

"ఇద్దరం అంటే నువ్వు పక్కన కూసున్నవ్ అనుకుంటరు. నేను చేసిన అని రాయి."

"మరి నీ దాంట్ల?"

"నాది పాతది ఉన్నది తియ్. గదే ఇస్త."

కొత్త మేనేజర్ నన్ను పిలిచినప్పుడు గాని తెలియలేదు, ఇక కాటాకు ఒక్క టెక్నికల్ మనిషే అని. ఇంకో షిఫ్టుకు చీటీలు ఇచ్చే మనిషి చాలట. "మీ సీనియర్ రెజ్యూమేలో కొత్తగా ఏమీ లేదు. ఈ ప్రోగ్రామ్ నీదే కదా," అన్నాడాయన. ఇద్దరం రాశామని చెప్పాను. "అది నువ్వంటున్నావు. ఇచ్చిన కాగితాల్లో అలా లేదు," అన్నాడు. నేను ఇంకో మాట మాట్లాడలేదు. మర్నాడు డ్యూటీకి పోయాను.

ఒక్కరినే ఉంచుతారని అన్నకు ముందే తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "నాకేం తెల్సు," అని టీవీ వైపు తిరిగాడు. త్యాగం లాంటి మాటలు నేను వాడను. ఇతరుల రెజ్యూమేలు దులపడం ఆయనకు ఇష్టం, తనది తెరవాలంటే బద్ధకం. అదీ నిజమే.

నౌకరి పోయాక ఆయన బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో కూర్చున్నాడు. ఆ దారిన పోయేటప్పుడు నేను హెల్మెట్ అద్దం దించుకునేవాడిని. ఒకనాడు వెనక నుంచి కేకేశాడు.

"ఓ కాటా దొరా! అద్దం దించితే బండి నంబరు గూడ దాగుతదారా?"

ఆగాను. కొత్తగా ఏం చేస్తున్నావని అడిగాడు. కెమెరాలు మార్చిన సంగతి చెప్పాను.

"రాసినవా?"

"లేదన్నా."

"రాయి మరి. టెండరు మళ్ల వస్తది."

ఆయన పోయిన రోజు నేను మధ్యలో డ్యూటీ వదిలి పోలేకపోయాను. ఇదివరకైతే ఆయనకు ఫోన్ చేసేవాడిని, వచ్చి కూర్చునేవాడు. నేను వెళ్లేసరికి అందరూ గోదావరి ఒడ్డు నుంచి తిరిగొచ్చారు. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది.

"డ్యూటీ నుంచే వస్తున్నవా తమ్మీ?"

"అవ్ వదినె."

"నౌకరి మంచిగున్నదా?"

"ఉన్నది."

"మనోని నౌకరి నిలవడ్డది అని మీ అన్న అందరితోని చెప్తుండె," అంది.

పక్కింటామె చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. తాగలేకపోయాను, కింద పెట్టలేకపోయాను. అలాగే పట్టుకుని కూర్చుంటే చాయ్ చల్లారింది. పైన మీగడ కట్టి, నెమ్మదిగా ముడతలు పడింది.