లాటిన్ పద్యానికి వన్స్ మోర్

లాటిన్ నేర్చుకుంటున్నానని చెబితే ఎదుటివాళ్ళు జాలిగా చూసే రోజులవి. (ఇప్పుడూ చూస్తారు. కాకపోతే కాలేజీలో పాఠం చెబుతానని తెలిశాక ఆ జాలిని కాస్త దాచుకుంటారు.) ఉత్తరాదిన ఒక ఉక్కు కార్ఖానా ఊళ్ళో, బర్మామైన్స్ పేటలో, మా తెలుగువాళ్ళ సందులో ఆడపిల్లలందరూ పనికొచ్చేదేదో ఒకటి నేర్చుకునేవారు. ఎదురింటి పిల్ల కంప్యూటరు, మూలింటి పిల్ల కుట్టుపని, నేనేమో లాటిన్! పక్కింటి పిన్ని అయితే మా అమ్మను చాటుకి పిలిచి, "అప్పా, గుంటకి దిష్టి గానీ తగిలిందేటి, ఓపాలి నిమ్మకాయ తిప్పి సూడరాదా?" అని అడిగింది. అమ్మకి నిమ్మకాయ మీద కన్నా నన్ను నిలదీయడం మీద నమ్మకం ఎక్కువ. "ఆ బాస ఏ దేశంలో మాటాడతారే?" అంది. ఇప్పుడు ఎక్కడా మాట్లాడరమ్మా అన్నాను. "మరి నేర్సుకుని ఎవులితో మాటాడతావు?" పుస్తకాలతో అన్నాను, పెద్ద తెలివైనదానిలా. "సరే అయితే, రేపట్నుంచి ఆ పుస్తకాల్నే నీకు అన్నం వొండి పెట్టమను" అని గిన్నె ఠక్కున దించింది. మా తమ్ముడు పక్కనుంచి, "దీదీ కా దిమాగ్ గయా" అని, అక్కకి మతి పోయిందని తేల్చేశాడు. వాడికి తెలుగులో ఏం అడిగినా హిందీలోనే జవాబు.

ఇంతకీ నన్నీ రొంపిలోకి దింపింది బిష్టుపూర్‌లో పడిన ఒక వాన. కాలేజీ అయ్యాక ఆటో కోసం నిలబడితే కుండపోతగా కురిసింది. తలదాచుకుందామని పక్కనున్న చర్చి గదిలోకి దూరాను. అక్కడ ఓ ముసలి ఫాదర్, చంకలో ఇటుకంత నిఘంటువు పెట్టుకుని, బల్లల మీద కూర్చున్న కొద్దిమందికి పాఠం చెబుతున్నారు. (తర్వాత మేమంతా ఆయన్ని డిక్షనరీ ఫాదర్ అనేవాళ్ళం, ఆయనకీ తెలుసు.) "తీరికకి లాటిన్‌లో ఓటియమ్ అని పేరు. పనికి మాత్రం వాళ్ళు వేరే పేరే పెట్టలేదు. తీరిక కానిది అన్నారు, నెగోటియమ్" అంటున్నారాయన. వాన వెలిసింది, ఆటోలూ వచ్చాయి, నేను మాత్రం కదల్లేదు. సాయంత్రం ఈ సంగతి నాన్నకి చెప్పాను. నాన్న కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు. షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మనిషి చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఓరి నాయనో! అంటే వీక్లీ ఆఫే అసలుది, డూటీ దానికి అడ్డమన్నమాట! ఎంత మారాజులే!" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రోమనుల తరఫున మాట్లాడే మనిషి ఒకరు తయారయ్యారు.

అలా గడుస్తుండగా అసలు కబురు వచ్చింది. దూరంగా ఒక పెద్ద నగరంలోని కాలేజీలో పాత భాషలు చదివే సీటు ఒకటి ఉందిట. ఫీజూ హాస్టలూ అన్నీ వాళ్ళవే. అక్కడి ప్రొఫెసరు మేడమ్ స్వయంగా వచ్చి, మా క్లాసులోంచి ఒక్కరిని ఏరుకుంటుందిట. ఒక పద్యం అప్పజెప్పాలి, అందులో మాటలకి అర్థం చెప్పాలి. నిఘంటువులో ఉన్న అర్థం కాదు, పాత కవులు ఆ మాటని ఎలా వాడారో అది. నాకు పోటీ, రోజూ టై కట్టుకొచ్చే ఒక కుర్రాడు. వాడి ఉచ్చారణ వింటే నాకే ముచ్చటేసేది. సీటు వాడికి వస్తే వాడికి ఇంకో మెట్టు. నాకు రాకపోతే మావయ్య చూసిపెట్టిన కాంట్రాక్టరు ఆఫీసులో కార్ఖానా కూలీలకి గేటు పాసులు టైపు కొట్టే పని. చెడ్డ పనేం కాదు, కానీ అక్కడ ఓటియమ్ గురించి ఎవరితో మాట్లాడతాను? ఆ సీటు కావాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. ఆ మాట పైకి అనడానికి కూడా భయమేసేది.

పద్యం ఏమిటంటే, ఊరు వదిలి ఓడెక్కబోయే ఒక పెద్దమనిషి ఒడ్డున నిలబడి తనవాళ్ళందరినీ తలుచుకునే ఘట్టం. ఫాదర్ చెప్పినట్టే బుద్ధిగా, సమంగా, ఎక్కడా గొంతు లేపకుండా వల్లె వేస్తున్నాను. నాన్న విన్నాడు. ఇక్కడ మా నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. క్రేన్ ఆయన ఉద్యోగం మాత్రమే, ప్రాణం పద్యం. మా తెలుగువాళ్ళ నాటకాల్లో రాజు వేషం ఎప్పుడూ ఆయనదే. కిరీటం పెట్టుకుని ఒక పద్యం ఎత్తుకున్నాడంటే, బాగ్‌బేరా రైలు గేటు దగ్గర గూడ్సు బండి పోయినంతసేపు రాగం సాగేది. "ఏటే, అది పద్యమా వచనమా?" అన్నాడు. పద్యమే అన్నాను. "మరి రేషన్ షాపులో పేర్లు పిలిసినట్టు సదువుతావేటి? రాగం ఏదీ?" వాళ్ళకి రాగాలుండవు నాన్నా, ఏ అక్షరం పొడుగో ఏది పొట్టో అదొక్కటే లెక్క అన్నాను. "అంటే గురువూ లఘువూ ఉన్నాయి కదా! గురువుంది, లఘువుంది, రాగం లేదా? ఎవరో మింగేసుంటారు" అన్నాడు. ఇంకేముంది, ఒడ్డున నిలబడ్డ ఆ పెద్దమనిషికి మా వంటగదిలో మోహన రాగం కట్టేశాడు. నేను నవ్వుతూనే నేర్చుకున్నాను. సరదాకే అనుకున్నాను. కానీ చిన్నప్పట్నుంచీ ఆ పద్యాలు వింటూ పెరిగిన గొంతు, సరదా అంటే వింటుందా?

పరీక్ష రోజు హాల్లో ముందు వరసలో మేడమ్, పక్కన డిక్షనరీ ఫాదర్. టై కుర్రాడు అద్దంలా అప్పజెప్పి కూర్చున్నాడు. నేను లేచేసరికి వెనక తలుపు తెరుచుకుంది. నాన్న, పక్కన తమ్ముడు! వాళ్ళ వెనక నాటకం బృందం మొత్తం, షిఫ్టు దిగి తిన్నగా వచ్చేశారు, కాళ్ళకి సేఫ్టీ బూట్లతోనే. అటునుంచి అటే బాగ్‌బేరాలో రిహార్సల్‌కి వెళ్ళాలిట, అందుకని నాటకాలకి హార్మోనియం వాయించే హార్మనీ తాత తన పెట్టె కూడా మోసుకొచ్చాడు. చివరి వరసలో సర్దుకుని కూర్చున్నారు. నేను గుండె చిక్కబట్టుకుని, ఫాదర్ చెప్పినట్టే సమంగా మొదలుపెట్టాను. మొదటి పాదం బాగానే నడిచింది. నేను గొంతు సవరించుకోడానికి ఆగానో లేదో, హార్మనీ తాత (పాపం, నటులు ఆగితే శ్రుతి అందించడం ఆయనకి జన్మజన్మల అలవాటు) పెట్టె తెరిచి మెల్లగా ఒక మెట్టు నొక్కాడు.

అంతే. ఆ శ్రుతి చెవిన పడగానే నా గొంతు నా మాట వినడం మానేసింది. రెండో పాదం మోహనంలో లేచింది. మూడోది ఇంకా పైకి పోయింది. నాలుగో పాదం చివర ఆఖరి గురువు దగ్గర నేను తీసిన ఆలాపనకి కిటికీ మీది పావురాలు ఎగిరిపోయాయి. ఆపుదామనుకుంటే ఎక్కడ ఆపాలో తెలియదు, తాత వదిలితే కదా! ఊపిరి అయిపోయి నేను ఆగగానే చివరి వరస మొత్తం లేచి నిలబడి, "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అరిచింది. అందరికన్నా గట్టిగా మా నాన్నే.

నా పని అయిపోయిందనుకున్నాను. గేటు పాసులు కళ్ళముందు కదిలాయి. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఏమిటీ గోల?" అని ఇంగ్లీషులో ఫాదర్‌ని అడిగింది. ఆయన గంభీరంగా, "వీళ్ళ నాటకాల్లో పద్యం నచ్చితే మళ్ళీ అడుగుతారు మేడమ్. వాళ్ళ దగ్గర అంతకన్నా పెద్ద మార్కు లేదు" అన్నారు. "అయితే మళ్ళీ చదవమనండి. ఆ పెట్టె మాత్రం మూయించండి. ఈసారి మాటమాటకీ అర్థం చెబుతూ" అంది మేడమ్. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రతిపదార్థం చెప్పడమంటే మా నాన్న ఇంట్లో ప్రతి పద్యానికీ చేసే పనే. కర్త ఎక్కడున్నాడో పట్టుకుని, క్రియ దగ్గరికి నడిపించి, ఒక్కో మాటా విప్పుకుంటూ పోయాను. మధ్యలో మేడమ్ ఆపింది. "పియెటాస్ అంటే?" టై కుర్రాడు భక్తి అని చెప్పిన మాట అది.

"తర్వాతి రోజుల్లో, చర్చి పుస్తకాల్లో భక్తి, దయ. ఈ పద్యం నాటికి దండం పెట్టుకోవడం ఒక్కటే కాదు మేడమ్" అన్నాను. "దేవుడికీ, ఊరికీ, కన్నవాళ్ళకీ ఏం చెయ్యాలో అది చెయ్యడం. మనసున్నా లేకపోయినా చెయ్యడం. మా నాన్న అక్కడ వెనక కూర్చున్నారు. షిఫ్టు దిగి, ఒళ్ళు పులిసిపోయి, తనకి ముక్క అర్థం కాని భాష వినడానికి వచ్చారు. కవులు ఈ మాటని ఇలాంటి చోటే వాడారు." ఇంగ్లీషులో చెప్పాను కాబట్టి నాన్నకి అందలేదు. పక్కనున్న తమ్ముడు చెవిలో హిందీలో చెప్పాడు. నాన్న తలవంచుకుని బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది అంతకుముందే కట్టి ఉంది.

మేడమ్ ముందున్న కాగితం మీద ఏదో రాసుకుంది. "రాగం తప్పు. అర్థం ఒప్పు. సీటు నీదే. కానీ నా క్లాసులో పాడితే వరండాలో నిలబెడతాను" అంది. ఆ సాయంత్రం మా సందులో అమ్మ ఇంటింటికీ లడ్డూలు పంచుతూ, "మా గుంట ఎవులూ మాటాడని బాసలో ఫస్టొచ్చింది" అని చెప్పుకుంది. అంత గర్వంగా అమ్మ ఇంకేదీ చెప్పుకోవడం నేను వినలేదు.

క్లాసులో పాడనని ఆ రోజు మేడమ్‌కిచ్చిన మాట ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను. పొడుగుకి పొడుగు, పొట్టికి పొట్టి, గొంతు ఎక్కడా జారకుండా చదువుతాను. మొన్నామధ్య నాన్న మా కాలేజీకి వచ్చి, నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాడు. అదే పద్యం చెప్పాను. చక్కగా, పద్ధతిగా చెప్పాననుకున్నాను. బయటికొచ్చాక, "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు. బాగానే ఉంది నాన్నా, ఇలాగే చదవాలి అన్నాను. "అలాగా" అన్నాడు. ఆ "అలాగా" నన్ను తినేసింది.

మర్నాడు క్లాసులో తలుపు దగ్గరికి వేసి, పుస్తకం మూసి, మోహనం ఎత్తుకున్నాను. ఆఖరి గురువు దగ్గర ఊపిరి మునుపటంత నిలవలేదు, అయినా లాగాను. తెలుగు ముక్క రాని నా క్లాసు పిల్లలంతా ఒక్క క్షణం బిక్కమొహం వేసి, ఒక్కసారిగా "వన్స్ మోర్!" అని బల్లలు చరిచారు. వాళ్ళకా మాట ఎవరు నేర్పారో నేనడగలేదు. చివరి బెంచీలో మా నాన్న ఏమీ ఎరగనట్టు ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. రెండోసారి అర్థం చెబుతూ చదవాలనీ, క్లాసులో పాడితే వరండాయేననీ ఆనాటి మేడమ్ షరతు. వరండా ఖాళీగానే ఉంది కదా అనుకుని, రెండోసారి కూడా పాడేశాను.