పెదవి కింద సున్నపు ముద్ద

1948 వేసవి. నూజివీడులో ఒక హైస్కూల్లో డ్రాయింగు మేష్టారుగా చేరి అప్పటికి నాకు మూడేళ్ళు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నా గది స్కూలుకి వెనకవైపు, మామిడి తోటకి ఆనుకుని ఉన్న పొడుగాటి పెంకుటిల్లు. కోతల రోజుల్లో గంపలెత్తేవాళ్ళ కేకల మధ్యే నేను పాఠం చెప్పుకోవాలి. ఆ తోట మా స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారిది కాబట్టి, కాస్త నెమ్మదిగా మాట్లాడుకోండని వాళ్ళకి చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

గదిలో ఆరు తెల్లబొమ్మలుండేవి. వీటిని ప్లాస్టర్ కాస్టులంటారు. ఎప్పటివో గ్రీకు, రోమను రాతి శిల్పాలకి అచ్చు తీసి, అందులో ప్లాస్టరు పోసి చేసినవి. ఒక పాదం, ఒక చెయ్యి, ఒక చెవి, చుట్టలు తిరిగిన ఒక ఆకు, గడ్డం ముసలాయన తల, అలలు తిరిగిన జుట్టుతో ఒక ఆడమనిషి తల. ఒక కలవారింటి అబ్బాయి బొమ్మలు నేర్చుకుంటానంటే మద్రాసు నుంచి తెప్పించారట. అబ్బాయిగారి మోజు మూడు నెలల్లో తీరిపోయింది, బొమ్మలు మా స్కూలుకొచ్చాయి. ఆడమనిషి తలకి పిల్లలు దొరసాని అని పేరు పెట్టారు. మా బంట్రోతు మాత్రం ఆ తెల్లగుడ్లు చూడలేక, గది ఊడ్చేటప్పుడు దాని మీద తువ్వాలు కప్పేవాడు.

బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి ఈ బోడి తలలెందుకని చాలామంది అడిగేవారు. మామిడిపండు ముందు పెట్టుకుంటే పసుపూ ఎరుపూ కలిసి కంటిని మాయ చేస్తాయి. తెల్ల ప్లాస్టరుకి ఆ అవకాశం లేదు. అక్కడ ఉండేది వెలుగు, నీడ, ఆ రెంటికీ మధ్య బూడిదరంగులో మెల్లగా జారే హాఫ్ టోను. దాన్ని పట్టుకున్నవాడికే బొగ్గు పుల్ల తీసి కుంచె చేతికిచ్చేవాణ్ణి. అదీ ముందు ఒక్క గోధుమరంగుతోనే. ఏడాది పాటు అదే తల గీయించి పిల్లల్ని ఏడిపించేవాణ్ణని నాకు పేరు.

నాంచారమ్మని నేను మొదట చూసింది అంతకు ముందు ఏడు వేసవి కోతల్లో, గంపల దగ్గరే. ప్రెసిడెంటుగారి తోటలో తల్లితో కలిసి కాయలు ఏరి గంపలకెత్తే కూలికి వచ్చేది. ఊరు ముసునూరు. వయసు ఇరవై రెండు. ఎనిమిదో క్లాసు దాకా చదివింది. మొగుడు ఇంకో మనిషితో వెళ్ళిపోతే పుట్టింటికి వచ్చేసింది. చదువురాని బండివాళ్ళు ఏ గంప ఏ తోటదో పోల్చుకోవడానికి, ఈ తోట గుర్తుగా గంప మూతికి కుట్టిన గోనెపట్టా మీద ఎర్రజాజుతో మామిడికాయ బొమ్మ వేసేది. నేను ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఏ రెండు కాయలూ ఒకలా లేవు. ఒకదాని ముక్కు వంకర, ఇంకోదానికి తొడిమ దగ్గర నొక్కు. 

"అన్నీ వేరేవేరేగా వేస్తున్నావేంటమ్మా?" అన్నాను.

"పైనున్న కాయని చూసి వేస్తానండి. అది ఎట్టాగుంటే అట్టాగే కదండీ వెయ్యాలి," అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

అలా చూడటం నేర్పడానికే నేను పిల్లల్ని ఏడాది ఏడిపించేది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మతో మాట్లాడాను. ప్రెసిడెంటుగారిని కూడా అడిగితే ఆయన నవ్వి, "పని మానకుండా నేర్చుకుంటానంటే నాకేం," అన్నారు. ఆదివారాలు నాంచారమ్మ మా గదికి రావడం మొదలుపెట్టింది. చింతపుల్లలు కుండలో పెట్టి కాల్చుకుని బొగ్గు తనే తయారుచేసుకునేది. చివర రాయి కట్టిన దారాన్ని కంటి ముందు వేలాడదీసి, ముక్కుకొస గడ్డానికి ఎటు పడుతుందో చూసుకోవడం ఒక్క పూటలో నేర్చింది. తప్పు చెబితే మొహం మాడ్చుకునేది కాదు, ఎక్కడో చూపించమనేది. ఆ పదకొండు నెలల్లోనూ నాకు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

డ్రాయింగులో హయ్యర్ గ్రేడు అని మద్రాసు వాళ్ళు పెట్టే పరీక్ష ఉండేది. బెజవాడలో ఒక ఆడపిల్లల బడివాళ్ళు, ఈ ఏడాది హయ్యర్ గ్రేడు పాసైతే జులై ఆఖరులోగా వచ్చి డ్రాయింగు టీచరుగా చేరమని, అప్పటిదాకా ఖాళీ ఉంచుతామని నాంచారమ్మకి కబురు చేశారు. నేనే మాట్లాడి పెట్టాను. నెల జీతం, ఉండటానికి గది. గంపల కింద నుంచి బయటపడటానికి ఆ పిల్లకున్న దారి అదొక్కటే. 

ఇక్కడ మా స్కూలు ఆచారం ఒకటి చెప్పాలి. దసరాకి ఆయుధపూజలో ఎవరి పనిముట్లు వాళ్ళు పూజ చేస్తారు కదా. మా స్కూల్లో సైన్సువాళ్ళ త్రాసు, డ్రిల్లు మేష్టారి డంబెల్సు, గ్లోబు, నా తెల్లబొమ్మలు అన్నీ వరసగా పెట్టి పసుపు కుంకాలు పెట్టేవారు. దొరసాని నుదుట రూపాయంత బొట్టు. ప్లాస్టరు తడిని పీల్చుకుంటుంది, ఆ మరక పోదు. మూడు దసరాలకి పాదం పచ్చబడింది, దొరసాని నుదురు ఎర్రబడింది. నాకు బాధే, కానీ పూజ వద్దనే మొనగాణ్ణి కాను. పిల్లలకి మాత్రం చెప్పేవాణ్ణి: "మరకని వదిలెయ్యండి. అది రంగు. రంగుకి నీడ పడదు. దేనికి నీడ పడుతుందో అదే రూపం, అదే మనం గీసేది."

ఏప్రిల్లో పరీక్ష. ఆ ఏడాదే మా స్కూలుకి సెంటరు ఇచ్చారు. పరీక్ష వారం ఉందనగా మైలవరంలో మా పినతండ్రి కూతురి పెళ్ళికి వెళ్ళాను. నాలుగు రోజుల తర్వాత వచ్చి గది తలుపు తీస్తే లోపలంతా సున్నం వాసన. పరీక్షరోజు ప్రెసిడెంటుగారు బెజవాడ నుంచి ఎవరో పెద్దమనిషిని తీసుకొస్తున్నారని హెడ్మాస్టరుగారు స్కూలంతా సున్నం కొట్టించారు. పనివాళ్ళు గోడలతో పాటు బొమ్మలకి కూడా కొట్టారు. రెండు పూతలు. నీలిమందు కలిపి మరీ.

ముసలాయన గడ్డం చదునైపోయింది. దొరసాని ముక్కుపుటాలు పూడిపోయాయి, పైరెప్పా కింది రెప్పా కలిసిపోయి నిద్రపోతున్నట్టుంది. కింది పెదవి మీంచి సున్నం కారి, రేగిపండంత ముద్దకట్టి ఎండిపోయింది. 

హెడ్మాస్టరుగారి గదికి పరిగెత్తాను.

"అదేంటండీ, నుదుటి మీద ఎర్ర మరకలు, కాళ్ళకి పసుపు. వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? తెల్లబొమ్మలే కదండీ, ఇంకా తెల్లగా అయ్యాయి. నేనే దగ్గరుండి కొట్టించాను," అన్నారు. పాపం ఆయన నిజంగా మేలు చేశాననే అనుకున్నారు.

ఆ రాత్రీ మర్నాడూ గీకుతూ కూర్చున్నాను. సున్నం పట్టుకుందంటే వదలదు, ప్లాస్టరేమో మెత్తన. చెవి తమ్మె ముక్క ఊడొచ్చాక చాకు పక్కన పెట్టేశాను.

పరీక్షకి సెంటరులో ఒక కాగితం నింపాలి. గీయడానికి పెట్టిన మోడలు సరైన స్థితిలో ఉన్నదా, లేకపోతే లోపాలేమిటి అని అందులో ఒక గడి. దాన్ని పూర్తిచేసి సంతకం పెట్టవలసినవాణ్ణి నేను. ఉన్నదున్నట్టు రాస్తానని హెడ్మాస్టరుగారితో అన్నాను.

ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "ఏమండీ, ఈ సెంటరు కోసం ప్రెసిడెంటుగారు ఎన్నిసార్లు మద్రాసు వెళ్ళారో మీకు తెలుసు. మొదటి ఏడే బొమ్మలు పాడైనాయని రాస్తే వచ్చే ఏడు సెంటరు ఉంటుందా? మీ పర్మనెంటు కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది. నేను బెదిరిస్తున్నానని అనుకోకండి. మీ మంచికే చెప్తున్నాను."

బెదిరించలేదు. ఆ అవసరం ఆయనకి రాలేదు. 'సరిగా ఉన్నది' అని రాసి సంతకం పెట్టాను.

పరీక్షకి ఆరుగురు కూర్చున్నారు. బల్ల మీద దొరసాని. అయిదుగురు మా స్కూలు కుర్రాళ్ళు, దొరసానిని కళ్ళు మూసుకుని గీయగలిగినవాళ్ళు. వాళ్ళు తలెత్తి చూడటం కూడా తక్కువే. బొగ్గు పరపరా నడిపించేస్తున్నారు. నాంచారమ్మ దారం పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యెత్తింది.

"మేష్టారూ, మరకైతే వదిలెయ్యమన్నారు. ఇది మరక కాదు కదండీ. పెదవి కింద ముద్దకి నీడ పడతంది."

హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కుర్రాళ్ళు నా మొహం చూశారు. పాతది గుర్తు తెచ్చుకుని వెయ్యమ్మా అని నేను అనొచ్చు. అంటే గట్టెక్కేసేది. కానీ పదకొండు నెలలు చెప్పిన పాఠం నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పైగా, అందరి ముందూ నా శిష్యురాలు అంత నిక్కచ్చిగా అడిగినందుకు లోపల గర్వం కూడా.

"ఎదురుగా ఏముందో అదే గీయాలి," అన్నాను.

మూడు గంటలయ్యాక ఆ కాగితం చూశాను. నా చేతిమీదుగా అంత మంచి లైట్ అండ్ షేడ్ మళ్ళీ వెళ్ళలేదు. మూసుకుపోయిన కళ్ళు, పూడిన ముక్కు, నీలం కలిసిన సున్నం మీద చచ్చుగా పడ్డ వెలుగు, పెదవి కింద ముద్ద, దాని చిన్న నీడ. అన్నీ కట్టగట్టి, నా సంతకం ఉన్న కాగితం పైన పెట్టి సీలు వేశాను.

జులై మొదట్లో ఫలితాలొచ్చాయి. కుర్రాళ్ళు అయిదుగురూ పాసు. నాంచారమ్మ తప్పింది. కాగితాలు దిద్దినవాళ్ళు సెంటరుకి నాలుగు మాటలు రాసి పంపుతారు. దొరసాని తల చాలా స్కూళ్ళలో ఉండేదే, వాళ్ళకది కంఠతా. 'ఒక అభ్యర్థి కన్ను, ముక్కు ఆకారం బొత్తిగా తప్పు గీయడమే కాక, పెదవి కింద లేని ఉబ్బు ఒకటి కల్పించినారు. పరిశీలన నేర్పవలసియున్నది' అని ఉంది అందులో. 

ఆ సాయంత్రం నాంచారమ్మ వచ్చింది. ఆ కాగితం చేతికిస్తే నిలబడే చదువుకుంది.

"వాళ్ళకి తెలీదు కదండీ. బొమ్మకి సున్నం కొట్టారని మీరొక్క ముక్క రాయండి మేష్టారూ. ఇంకా మూడు వారాలుంది కదా. మళ్ళీ చూడమని అడగండి."

నేను బల్ల మీది పెన్సిళ్ళు సర్దుతూ నిలబడ్డాను.

"రాస్తే ఏమవుద్దండి?"

"అంతా బాగానే ఉందని నేను అప్పుడే సంతకం పెట్టానమ్మా," అన్నాను.

ఆ మాట అర్థం కావడానికి ఆ పిల్లకి కొంచెం సేపు పట్టింది. తెల్లారగట్ల లేచి ముసునూరు నుంచి నడిచొచ్చే మనిషి, ఇన్నాళ్ళలో నా ముందు ఎప్పుడూ కూర్చోలేదు. అప్పుడు కూర్చుంది.

"పరీక్షకి ముందే పెట్టారా, తర్వాత పెట్టారా?"

"ముందే."

"మరి నన్ను ఉన్నదే గీయమన్నారేంటండీ?"

వచ్చే ఏడు మళ్ళీ కట్టొచ్చన్నాను. ఫీజు నేను ఇస్తానన్నాను. అంతకన్నా సిగ్గులేని మాట నేను జన్మలో అనలేదు. తను ఏడవలేదు, అరవలేదు. ఆ కాగితం మడత చెడకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ప్రెసిడెంటుగారి దగ్గరికి తను వెళ్ళలేదని నాకు తెలుసు. తల్లీ కూతుళ్ళ కూలి ఆయన తోటలోనే కదా. జులై దాటాక బెజవాడ బడివాళ్ళు వేరే ఎవరినో తీసుకున్నారు. ఆగస్టులో నా ఉద్యోగం పర్మనెంటు అయింది. ఇంట్లో పాయసం చేశారు. తిన్నాను కూడా.

మరుసటేడు స్కూలువాళ్ళు కొత్త తల తెప్పించారు. దరఖాస్తు పట్టుకుని నేనే తోటలోకి వెళ్ళాను. నాంచారమ్మ గడ్డి పరిచి కాయలు పేరుస్తోంది. గోనెపట్టాల మీద బొమ్మలు లేవు, ఇంకెవరో తారుతో అడ్డగీతలు గీసి పెట్టారు. నన్ను చూసి లేచి నిలబడింది. మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు.

"ఈసారి కొత్త బొమ్మమ్మా. ఏ లోపమూ లేదు. కట్టు," అన్నాను.

"వద్దండి మేష్టారూ."

"చెయ్యి పాడుచేసుకోకమ్మా. నీలాంటి చూపు నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు."

"ఆ సంగతి అప్పుడు రాయాల్సిందండి," అంది. కోపంగా కూడా అనలేదు. వంగి మళ్ళీ గంప దగ్గర కూర్చుంది.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎందరో మేష్టర్లయ్యారు, సన్మానాలు చేశారు, చూడటం నేర్పిన గురువని శాలువాలు కప్పారు. చూడటం నేర్పడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక ఉంటే ఎవరైనా నేర్పొచ్చు. చూసినదాన్ని చూసినట్టు గీసినందుకు ఒక మనిషిని తప్పన్నప్పుడు, లేచి నిలబడి "ఉంది, నేనూ చూశాను" అనడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ఆ పని చెయ్యవలసిన రోజు నాకు సర్వీసు మొత్తం మీద ఒక్కటే వచ్చింది, ఆ రోజు నేను బల్ల మీద పెన్సిళ్ళు సర్దుకున్నాను.