లిస్బన్ అడగని ప్రశ్నకు ఆంటీ జవాబు

ఆంటీ పోయారని నాకు బస్సులో తెలిసింది. డబ్లిన్‌లో రెండు రోజుల పని చూసుకుని మేముండే ఊరు ములింగార్ తిరిగి వస్తున్నాను. డ్రైవర్ పెట్టుకున్న లోకల్ రేడియోలో మరణవార్తలు మొదలయ్యాయి. ఇక్కడి జిల్లా రేడియోల్లో అవి రోజూ చదువుతారు. పోయినవాళ్ల పేరు, ఉన్న ఊరు, అంతకుముందు ఊరు, ఎవరి భార్యో ఎవరి భర్తో, అంత్యక్రియలు ఎక్కడో. ఎప్పుడూ సగం చెవితో వినే మాటల్లో "ములింగార్, పూర్వం ఇండియాలోని గుంతకల్లు" అని వినబడింది. ఫోన్ తీసి చూశాను. సైలెంట్‌లో ఉంది. ఆమె భర్త అంకుల్, మా ఆవిడ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం గుండె ఆగిపోయిందట, ఆసుపత్రికి చేరేలోపే.

ఇన్నేళ్లుగా వార్తలు రాసి బతికినవాణ్ని. పక్కింటి వార్త మాత్రం ఊరందరితో పాటు రేడియోలో విన్నాను.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు వచ్చేది విసుగు. దుఃఖం దాని వెనకాల వస్తుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు. "నిన్ను సతాయించకపోతే నాకు పొద్దు పోదప్పా" అని ఆమే అనేవారు.

నాకూ ఆంటీకీ పదేళ్ల తేడా కూడా లేదు. అయినా ములింగార్‌లో తెలుగువాళ్లకీ మలయాళీలకీ అందరికీ ఆమె ఆంటీయే. గుంతకల్లులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా మొదలుపెట్టి, కువైట్‌లో చాలా ఏళ్లు చేసి, యాభై దాటాక ఇక్కడికొచ్చారు. ఇక్కడ నర్సు కావాలంటే రాయాల్సిన పరీక్షలు ఈ వయసులో తన వల్ల కాదని, వృద్ధుల హోమ్‌లో కేరర్‌గా చేరారు. ముసలివాళ్లను లేపడం, స్నానం చేయించడం, తినిపించడం. వాళ్లతో తెలుగులోనే మాట్లాడేవారు. అన్నం వద్దని మొండికేసిన ఒక రైతు తాతను "తిను నాయనా, తిని తిట్టు" అని బుజ్జగిస్తే ఆయన నోరు తెరిచేవాడని హోమ్‌లో వాళ్లు చెప్పేవాళ్లు.

పిల్లల్లేరు. భర్త రైల్వేలో చేసి రిటైరై అప్పటికి గుంతకల్లులోనే ఉండేవారు. ఆమె కువైట్‌లో ఉన్నన్నాళ్లూ ఆయన డ్యూటీలో, ఆయన రిటైరయ్యేసరికి ఆమె ఐర్లండ్‌లో. పెళ్లయ్యాక ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్న కాలం తక్కువ. కేరర్ పర్మిట్ మీద వచ్చినవాళ్లు భర్తను పిలిపించుకోవాలంటే జీతం ఒక హద్దు దాటాలి. ఆమె జీతం దాటలేదు, దాటే దారి కూడా లేదు. ఆయన విజిటర్ వీసాకు పెట్టుకుంటే రాలేదు. ఇక మిగిలింది వీడియో కాల్. వంట చేస్తూ ఫోన్‌ను వంటింటి అల్మరాలో గ్లాసుల పక్కన నిలబెట్టి, తలుపు తెరిచి ఉంచేవారు. అల్మరాలోంచి అంకుల్ గొంతు వచ్చేది. "ఉప్పేసినావా?" "నీకేమన్నా పెడతాండానా, ఉప్పు సంగతి నీకెందుకు?"

ఒక ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చోకుండానే అన్నారు: "ఏమప్పా విలేకరీ, ఆఫీసుల భాష నీకు బాగ తెలుసు గదా. నేను పోర్చుగల్ దాన్ని కావల్ల. ఎట్లనో చూడు."

"పోర్చుగలా? ఎప్పుడైనా వెళ్లారా ఆంటీ?"

"నేనెందుకు పోతా ఆడికి? అంకుల్ ఈడికి రావల్ల. దానికి నేను పోర్చుగల్ దాన్ని కావల్ల."

హోమ్‌లో పనిచేసే గోవా అమ్మాయి చెప్పిందట. అడిగి చూస్తే విషయం నిజమే. గుంతకల్లు నుంచి హుబ్లీ మీదుగా గోవాకు రైలు లైను ఉంది. ఆంటీ నాన్న ఆ లైనులో గార్డు. అమ్మ గోవాలో, అది పోర్చుగల్ పాలనలో ఉన్న రోజుల్లో పుట్టి, హుబ్లీలో పనికొచ్చి, గుంతకల్లు కోడలైన మనిషి. ఆ కాలంలో అక్కడ పుట్టినవాళ్లను పోర్చుగల్ తన పౌరులుగానే లెక్కేస్తుంది. వాళ్లు చనిపోయినా సరే, ముందు వాళ్ల జననం, తర్వాత వాళ్ల పెళ్లి లిస్బన్‌లో నమోదు చేయించాలి. ఆపైన బిడ్డ తన జననం నమోదు చేయించుకుంటే బిడ్డ కూడా పౌరురాలే. యూరోపియన్ యూనియన్ పౌరురాలు ఐర్లండ్‌లో పనిచేసుకుంటూ భర్తను తెచ్చుకోవడానికి ఆ జీతం హద్దు అడ్డు రాదు.

కాగితాలన్నీ దొరికాయి. లిస్బన్‌లో ఒక లాయరమ్మ కుదిరింది. ఆమె పరిశీలించి, వీడియో కాల్‌లో మామూలుగా ఒక మాట అంది: "మీరు మీ అమ్మానాన్నల పెళ్లికి ఏడు నెలల ముందు పుట్టారు."

నేను తెలుగులో చెప్పాను. ఆంటీ ముఖం మారిపోయింది.

జరిగింది మన ఊళ్లలో ఇంటింటా జరిగిందే. ఆంటీకి నాలుగేళ్లున్నప్పుడు వాళ్ల నాన్నకు బడి లేని చిన్న స్టేషన్‌కు బదిలీ అయ్యేలా ఉంది. పిల్లను ముందే గుంతకల్లు బళ్లో వేసి, బంధువుల ఇంట్లో ఉంచాలనుకున్నాడు. వయసు చాలదని హెడ్‌మాస్టరంటే, "ఎంత ఉండల్నో అంత రాసుకోండి సార్" అన్నాడు. ఆయన జూన్ ఒకటి వేసి, ఏడాదిన్నర పెంచాడు. మునిసిపాలిటీలో పుట్టుక ఎవరూ రాయించలేదు. కువైట్ వెళ్లేటప్పుడు బడి సర్టిఫికెట్ చూపించి జనన ధ్రువపత్రం తీసుకున్నారు. పాస్‌పోర్టు, పర్మిట్, అన్నీ ఆ జూన్ ఒకటి మీదే నడిచాయి.

"తల్లి వైపు నుంచి అడుగుతున్నాం. పెళ్లికి ముందా వెనకా అన్నది చట్టానికి అక్కర్లేదు. ఎవరూ అడగరు" అంది లాయరు.

"అడగరు సరే, రాసుకుంటారు గదా?" అన్నారు ఆంటీ. "మా అమ్మ పెళ్లి కాకముందే నన్ను కనిందని ఆ దేశం పుస్తకంలో ఉంటాది గదా?"

"ఉంటే ఏమవుతుంది ఆంటీ? అక్కడ అది ఎవరికీ తప్పు కాదు."

"మా అమ్మకు తప్పేనప్పా."

"ఆవిడ పోయి చాలా ఏళ్లయింది."

"అందుకే. ఉంటే ఆమే చెప్పుకునేది. లేదు కాబట్టి నేను చెప్పల్ల."

గుంతకల్లు చర్చి బాప్తిస్మం రిజిస్టరులో అసలు తేదీ ఉందనీ, బడిలో వేసింది తప్పనీ వివరిస్తూ ఒక ఉత్తరం జతచేయాలన్నారు ఆంటీ. నన్నే రాయమన్నారు. నేను రాయనన్నాను. కోర్టుల చుట్టూ, కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగి నేను నేర్చుకున్నది ఒకటే: అధికారి అడగనిదానికి జవాబు చెప్పకూడదు. లాయరు కూడా అదే మాట మూడు రకాలుగా చెప్పింది. ఆంటీ నావైపు తిరిగి, "పేపరోడివి నువ్వే ఇట్లంటే ఎట్లప్పా? నిజమంటే ఎవురన్నా అడిగితేనే చెప్పేదా?" అన్నారు.

 

అల్మరాలోంచి అంకుల్ కూడా గట్టిగానే అరిచారు. "మీయమ్మ మానం లిస్బన్‌లో కాపాడతాండావు, బాగుంది. నా గతేంది? పొద్దున్నే లేచి నేను ఎవురి మొగం చూడల్ల?"

"పేపర్ చూసుకో. నేనున్నప్పుడు మాత్రం ఏం చూసినావు?"

చివరికి ఆమె వెళ్లే చర్చి పాస్టరు చేత రాయించుకుని, లాయరు మొత్తుకుంటున్నా అది జతచేయించారు.

నేను భయపడ్డదే జరిగింది. నెలల తర్వాత ప్రశ్న వచ్చింది: దరఖాస్తుదారే రెండు తేదీలు ఇచ్చారు కాబట్టి ఏది సరైనదో ఆధారాలు పంపగలరు. ఉత్తరం లేకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదు. ఆధారాలు తేవాల్సినవాడు మోకాళ్ల నొప్పులతో గుంతకల్లులో ఉన్న మొగుడు. చర్చి కాగితం, మామగారి సర్వీసు కాగితాలు, అప్పటివాళ్ల అఫిడవిట్, ప్రతిదానికీ నోటరీ, ప్రతిదానికీ అనువాదం. ఆయన మెట్లెక్కిన ప్రతి రోజూ అక్కణ్నుంచి తిట్లు, ఇక్కణ్నుంచి తిట్లు. నడుమ నేను.

ఒకరోజు నేను ఆంటీ వంటింట్లో ఉండగా అంకుల్ వేరే గొంతుతో ఫోన్ చేశారు. మునిసిపాలిటీలో ఒక గుమాస్తా కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, నవ్వి, "ఏం సార్, మీ అత్తగారు ముందే తొందరపడినారా?" అన్నాడట.

"కొట్టబోయినాను" అన్నారు అంకుల్. "పక్కనోళ్లు పట్టుకున్యారు."

ఆంటీ కూరలో గరిటె తిప్పుతూనే ఉన్నారు. ఆయనే మళ్లీ అన్నారు: "నువ్వు రాయించింది రైటేలే. ఇంకేం కాగితం కావల్నో చెప్పు, తెస్తా."

అప్పటినుంచి ఆ ఇంట్లో నా మాటకు బలం లేకుండా పోయింది. ఇద్దరూ ఒకటయ్యారు.

ఏడాది పైగా ఇదే పని. చివరికి లిస్బన్ ఏం చేసిందో చెబితే మీకూ విసుగొస్తుంది. పంపినవన్నీ చూసి, ప్రభుత్వ జనన ధ్రువపత్రంలో ఉన్న తేదీయే చెల్లుతుందని ఆ జూన్ ఒకటినే రాసుకుంది. ఏ తేదీ కోసం ఇంత గొడవో, ఆ తేదీతోనే ఆంటీ పోర్చుగల్ పౌరురాలయ్యారు. ఈ మాట ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే ఆమె తేలిగ్గా అన్నారు: "నేను చెప్పేది చెప్పినా. వాళ్లేం రాసుకుంటారో వాళ్ల ఇష్టం."

"అంటే ఇన్నాళ్లు దేనికాంటీ?"

"చెప్పడానికి."

ఇండియా పాస్‌పోర్టు అప్పగించి వచ్చిన రోజు మాత్రం మా ఇంట్లో కూర్చుని టీ చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. "అంకుల్‌కు చెప్పద్దు, రోంత ఏడ్చినా" అన్నారు. అదొక్కటే ఆమె నన్ను దాచమని అడిగిన నిజం.

జూలైలో అంకుల్ దిగారు. డబ్లిన్ ఎయిర్‌పోర్టులో మంకీ క్యాప్‌తో, ఊరగాయ డబ్బా గుండెకు హత్తుకుని బయటికొచ్చి, బయట వర్షాన్ని చూసి, భార్యతో అన్న మొదటి మాట: "ఏందిది, వానాకాలంలో రమ్మంటివి?"

"ఈడ వేరే కాలం లేదు" అన్నారు ఆంటీ, డబ్బా అందుకుంటూ.

మా రెండిళ్లకీ నడుమ గోడ ఒకటే, పలచనిది. హీటర్ వేయమని ఆయన, బిల్లు కట్టేది నేను అని ఆమె. బయటికి పొమ్మని ఆమె, ఎక్కడికి పోవాలని ఆయన. వాళ్లు మొదలుపెడితే మా ఆవిడ టీవీ సౌండు తగ్గించేది. పోట్లాడుకోవడానికి వాళ్లకు దొరికిన తీరిక అది. "ఈ మనిషి కోసమా నేను పోర్చుగల్ దాన్నైంది!" అని ఆంటీ మా గుమ్మంలో నిలబడి అనేవారు. అని, వెంటనే వెళ్లిపోయేవారు. ఆయనకు ఒంటిగంటకల్లా అన్నం పెట్టాలి.

అలా ఒక వేసవి, ఒక చలికాలం, ఇంకో వేసవిలో సగం. అంతే.

బస్సు దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. మా వీధిలోని ఐరిష్ వాళ్లు చావింటికి తెచ్చిన శాండ్‌విచ్‌లతో బల్ల నిండిపోయింది. అంకుల్ వాటివైపు చూస్తూ కూర్చున్నారు. నేను అనకూడని మాట అన్నాను. ఆ ఉత్తరం లేకపోతే మీకింకో ఏడాది ఉండేది కదా అన్నాను. లెక్క తప్పు కాదు.

"నాకూ తెలుసప్పా" అన్నారు. "కానీ రాయకపోయింటే ఆ ఏడాదంతా నా పక్కన కూచోని మాయమ్మ, మాయమ్మ అని సణిగేది. ఎట్లైనా అది వాళ్లమ్మకు పోవాల్సిన ఏడాదే."

శవాన్ని గుంతకల్లు తీసుకురమ్మని బంధువులు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆయన ఒక్కటే చెప్పారు: "మళ్లా ఆమె ఒక దేశంలో, నేనొక దేశంలోనా? చాలు."

అంత్యక్రియలు చూసే ఐరిష్ ఆయన మర్యాదగా అడిగాడు, సమాధి ఒకరికా ఇద్దరికా అని. ఇద్దరికైతే లోతుగా తవ్వుతారు. ముందు పోయినవాళ్లు కింద, తర్వాతవాళ్లు పైన. నేను తెలుగులో చెప్పాను.

"పక్కపక్కన కాదా?"

"ఇక్కడ ఇలాగే అంకుల్. మీరు వద్దంటే..."

 "ఉండనీ. రైల్లో కూడా ఆమెకు కింది బెర్తే కావల్ల. ఎవురడిగినా ఇచ్చేది కాదు" అన్నారు.

ప్రార్థనలయ్యాయి. సన్నగా జల్లు పడుతోంది. అందరూ కార్లవైపు నడిచారు. అంకుల్ నా మోచేయి పట్టుకుని గుంట అంచుదాకా వెళ్లి లోపలికి వంగి చూశారు. పార పట్టుకున్న మనిషి ఆగాడు. అంకుల్‌కు ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. ఆయన అరచెయ్యి కిందికి పెట్టి, మెల్లగా పైకి లేపి, మన్ను ఎందాకా, తన చోటు ఎక్కణ్నుంచి అన్నట్టు చూశారు. అతను పార నేలకు ఆనించి, తన ఛాతీ దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి, ఇంత లోతన్నట్టు చూపించాడు. అంకుల్ ఆ చేతివైపు చూసి, గుంటవైపు చూసి, తల ఊపారు.