అమ్మ బిల్లు

మాది కర్నూలులో పూజాసామాన్ల అంగడి. దిష్టి తాళ్ళు, పటిక, గుమ్మానికి కట్టే బొమ్మలు రోజంతా అమ్ముతాను. మా ఇంటి గుమ్మానికి మాత్రం ఒక్కటీ కట్టలేదు. దయ్యాలనేవి ఉంటే ముందు నన్నే పట్టాలి, వాటి పేరు చెప్పి బతికేది నేనే కదా అని నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతానని అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

రెండు వేల తొమ్మిది ప్రాంతంలో మా తమ్ముడు మల్లికార్జున ఓర్వకల్లు దగ్గర బైకు జారి పడి చనిపోయాడు. వాడికింకా పెళ్ళి కూడా కాలేదు. బండి నుజ్జునుజ్జయింది కానీ జేబులోని ఫోనుకు గీత కూడా పడలేదు. ఇంటర్నెట్ వచ్చే పెద్ద ఫోను. దాన్ని స్మార్ట్ ఫోన్ అంటారని మాకు వాడే చెప్పాడు. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నాడు పాపం.

కర్మలు అయిపోయినా ఆ ఫోను మోగుతూనే ఉండేది. విషయం తెలియని స్నేహితులు చేసేవాళ్ళు. అమ్మే ఎత్తి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పి, ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. సిమ్ తీసేస్తే, మోగని ఫోనును ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చివరికి తనే, "ఎవురికన్నా ఇచ్చెయ్ నాయనా, కండ్లెదురుగా వద్దు" అంది.

ఊళ్ళో అమ్మితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరి చేతిలోనో అమ్మ కంట పడుతుంది. అందుకని నెట్ సెంటర్‌లో కూర్చుని ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టాను. జాగ్రత్తలో నన్ను మించినవాడు లేడు. ఇంటి అడ్రసు ఇవ్వలేదు. మెమరీ కార్డు తీశాను. ఫోటోలు, నంబర్లు చెరిపేసి, ఫోనును కొన్ననాటి స్థితికి తెచ్చాను. అనుమానంతో ఆ పని ఇంకోసారి కూడా చేశాను.

కొన్నతని పేరు ఓబులేసు. కడప జిల్లా తుమ్మలపల్లె గని దగ్గర లారీ తోలుతాడు. పట్టపగలు కర్నూలు బస్టాండులో కలిశాం. దొంగ ఫోను కాదు కదా అని అతను బిల్లు అడిగి తీసుకున్నాడు. నేను అతని గుర్తింపు కార్డు జిరాక్సు తీసుకున్నాను. తమ్ముడి మాట గానీ అమ్మ మాట గానీ ఎత్తలేదు. టీ తాగి ఎవరి దారిన వాళ్ళం పోయాం.

కొన్ని వారాల తర్వాత, అంగట్లో ఉండగా అతను ఫోన్ చేశాడు.

"అన్నా, మీ అమ్మ బిల్లు ఏందో కట్టల్లంట. రోజూ రాత్రి అన్నం తినే యాళకు ఫోను గుర్తు చేస్తాండాది. తీసేసినా మళ్ళా వస్తాండాది."

ఫోను వెనక్కివ్వడానికి ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. "అంతా చెరిపే ఇచ్చినా గదప్పా! ఏం బిల్లు అది, కరెంటు బిల్లా?" అని గదిమాను.

"అదేం లేదన్నా. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ బిల్లు అని ఉండాది. కడాకు ఇంగో ‘ఎ’ ఉండాది. తప్పు కొట్టినట్టుండారు."

చివర ‘ఎ’ అనగానే నాకు అర్థమైంది. అది బిల్లు కాదు, బిళ్ళ. మందు మాత్రను మా ఇంట్లో బిళ్ళ అనే అంటాం. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం తమ్ముడి అలవాటు.

కానీ తమ్ముడు బతికుండగా అమ్మకు ఏ బిళ్ళా లేదు. తలనొప్పికి కూడా శొంఠి పట్టు వేసుకునేది. వాడు పోయాకే బీపీ ఎక్కువైంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకోవాలని, మానితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. ఇదంతా ఓబులేసుకు తెలిసే దారి లేదు.

అంగడి అలాగే వదిలి ఇంటికి పోయాను. బిళ్ళలు ఏవని అడిగితే అమ్మ వంటింటి వైపు చూసింది. వెతగ్గా చింతపండు జాడీలో దొరికాయి. ఒక్క అట్ట కూడా చింపలేదు.

"నేనుండి ఏం జేయల్ల నాయనా?" అంది.

ఓబులేసు చెప్పింది చెప్పాను. "వానికి తెలిసిపాయనా?" అని అమ్మ మంచినీళ్ళ కోసం చెయ్యి చాపింది.

మర్నాడు ఓబులేసుకు నేనే ఫోన్ చేశాను. రాత్రి మోగలేదన్నాడు. ఆ తర్వాతా మోగలేదు. అమ్మ వేళకు తినడం, పక్కింటివాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు సగం బరువు దిగింది.

కొన్నాళ్ళకు నేను అమ్మ పక్క దులుపుతుంటే దిండు కింద బిళ్ళలు దొరికాయి. నా ముందు నోట్లో వేసుకుని, తర్వాత తీసి దాచిపెడుతోంది. కోపం పట్టలేక అరిచాను. అమ్మ తల దించుకుంది.

"మింగితే వాడు పలకడు గద నాయనా. ఆ అబ్బినికి ఫోన్ జెయ్, మోగిందేమో అడుగు."

చేశాను. ఓబులేసు పాపం నిజమే చెప్పాడు. ఏమీ రాలేదన్నాడు. తమ్ముణ్ణి తీసుకొచ్చిన రోజు కూడా అమ్మ అంతగా ఏడవలేదు. ఆ రాత్రి బిళ్ళ నేనే నోట్లో వేసి, మింగేదాకా పక్కనే కూర్చున్నాను. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

ఆ ఫోను ముందు ఎందుకు మోగిందో నాకు తెలియదు. అమ్మ దాని గురించి అడగదు. రెండోసారి ఎందుకు మోగలేదని మాత్రం అడుగుతూ ఉంటుంది.