ఒక్కతే ఉన్న తరగతిలో చివరి బెంచీ

జూన్ పదమూడో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిదింబావు. బయట వాన పడదామా మానదామా అని తటపటాయిస్తున్నది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. ప్రభుత్వ పాఠశాల మేడమీది గదిలో లెక్కల మేష్టారు తమ కొత్త తరగతిని మొదటిసారి చూశారు. దర్జీగారి అమ్మాయి, పదేళ్లది, ముందు బెంచీ కొసన ఒదిగి కూర్చుని ఉంది. తరగతి అంటే అంతే.

అరవైమందిని ఒక్కరు కనిపెట్టి చూడలేరు గనుక ఇకమీదట ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉండవలెనని ఆ వేసవిలో పైవారు నిశ్చయించారు. చాలినంతమంది దొరకక, ఉత్తరాలు పంచేవారినీ నీటి మీటర్లు చూసేవారినీ కూడా పట్టుకొచ్చి సుద్దముక్క చేతికిచ్చారు. బెంచీలు మోసుకుపోవడానికి మాత్రం మనిషి మిగలలేదు. అందుచేత పాత బెంచీలన్నీ వరుసలు తప్పకుండా అలాగే ఉండిపోయాయి.

మేష్టారికి పిల్లలు పెట్టిన పేరు మైకు. పాతికేళ్లకు పైగా అరవైమంది గోలను దాటించి చివరి బెంచీని అందుకున్న గొంతు అది. ఒక్కరితో మాట్లాడటం దానికి చేతకాదు.

"నిశ్శబ్దం!" అని గర్జించారు.

పిల్ల అప్పటికే ఊపిరి బిగబట్టి ఉంది.

"ఎవరది మాట్లాడేది?"

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

"అయితే నువ్వే!"

ప్రత్యేక శ్రద్ధ చూపమన్నారు కాబట్టి ఆయన కంట్లో వత్తులు వేసుకుని పిల్లనే చూస్తుండేవారు. ముక్కు గోక్కుంటే "ఏమిటి సందేహం?" అనేవారు. ఆవులిస్తే పాఠం మళ్లీ మొదటికి వచ్చేది. ఎవరి వీపు వెనకా దాక్కునే వీలు లేక, నెల తిరగకముందే పిల్ల వచ్చిన ఎక్కాలు కూడా మరిచిపోయింది.

సెప్టెంబరులో అధికారి తనిఖీకి వస్తారు. అప్పటికి పిల్లకు భాగహారం రాకపోతే మేష్టారిని సామాన్ల గిడ్డంగికి పంపుతారు. సుద్దముక్క లేని తమ చేయి ఎలా ఉంటుందో మేష్టారికి ఊహకే అందలేదు. గోడు వెళ్లబోసుకుంటే భార్య నవ్వింది.

"మీరు ఒక్కరితో ఎప్పుడు మాట్లాడారు గనక? నిన్న 'అందరూ అన్నానికి రండి' అన్నారు. ఇంట్లో ఉన్నది మీరూ నేనూ."

"అలవాటే, ఏం చెయ్యను!"

"అరవకండి. పక్కింటివాళ్లు నిజంగానే వచ్చి కూర్చుంటారు."

ఒకనాడు పాఠం మంచి ఊపులో ఉండగా పాత అలవాటు చొప్పున మేష్టారి వేలు గాలిలోకి లేచింది.

"ఆ చివరి బెంచీ! ఏమిటా దిక్కులు? లేచి చెప్పు!"

అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. మేష్టారి ముఖం చిన్నబోయింది. జాలి కలిగిందో విసుగు పుట్టిందో, పిల్ల లేచి గదంతా దాటి వెళ్లి, చివరి బెంచీ దగ్గర భుజాలు వేలాడేసి నిలబడింది.

"నాకు తెలీదండీ."

మేష్టారికి ప్రాణం లేచి వచ్చింది.

ఆనాటినుంచి తరగతి నిండసాగింది. కిటికీ పక్కన ఆవులించేది ఆ పిల్లే. మధ్య వరుసలోంచి "చూడండి మేష్టారూ, వెనకది నా జడ లాగుతోంది" అని చాడీ చెప్పేదీ ఆ పిల్లే. లాగినందుకు వెనక్కి వెళ్లి చీవాట్లు తినేదీ ఆ పిల్లే. ముందు బెంచీలో ఉన్నప్పుడు అన్నీ వచ్చినట్టే చెప్పేది. ఒక మధ్యాహ్నం చివరి బెంచీలో ఉండగా కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అందరికీ సమంగా పంచాక మిగిలిందాన్ని ఏం చేస్తారండీ? పారేస్తారా?"

మేష్టారు నల్లబల్లను వదిలి, బెంచీలన్నీ దాటుకుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు.

"మెల్లగా విను," అని గొంతు తగ్గించారు. "ముందు బెంచీదానికి వినబడితే నవ్వుతుంది."

"దానికి మహా పొగరండీ," అన్నది పిల్ల రహస్యంగా.

"నాకు తెలుసులే. మిగిలిందాన్ని పారెయ్యం. శేషమని పక్కన రాసి, దానికీ ఒక చోటిస్తాం."

ఒక్కరికి మాత్రమే వినిపించేలా ఆయన చెప్పిన మొదటి పాఠం అది.

సెప్టెంబరులో అధికారి వచ్చి లెక్క ఇచ్చారు. పిల్ల ముందు బెంచీలో కూర్చుని శేషంతో సహా చేసి చూపింది.

"భేష్! మేష్టారు బాగా చెప్పారన్నమాట."

"నాకు చెప్పలేదండీ. వెనకదానికి చెప్తుంటే విన్నాను."

అధికారి వెనక్కి తిరిగి చూసి, మేష్టారి వైపు తిరిగారు. "ఈ గదిలో పిల్లలు ఎంతమంది?"

అబద్ధమాడటం మేష్టారికి రాదు. "ఐదుగురండీ. చాడీలదాన్ని కూడా కలిపితే."

"ఒక్కరికి ఒక్కరని మేం నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఐదుగురిని మీ ఒక్కరి నెత్తిన పడేశారా?" అని అధికారి మండిపడి, అక్కడికక్కడే మరి నలుగురు ఉపాధ్యాయులను మంజూరు చేశారు.

ఆ నలుగురూ మరుసటి సోమవారం వచ్చారు. తమ తమ పిల్లలను వెదికి, కానక, కాళ్లు పీకి ఆ బెంచీలమీదనే కూర్చున్నారు. బెంచీమీద కూర్చున్నవారిని ప్రశ్న వేయకుండా వదలడం మేష్టారి వల్ల కాలేదు. వారిలో ఇదివరకు నీటి మీటర్లు చూసినాయనకు భాగహారం రాదని ఆ పూటే బయటపడింది.

దర్జీగారి అమ్మాయి మధ్య వరుసకు మారి, ఎవరూ తనను చూడని తీరుబడిలో ముక్కు గోక్కుంటూ పై తరగతికి వెళ్లింది. నీటి మీటర్లాయన ఇంకొక ఏడాది అదే తరగతిలో ఉన్నాడు. మేష్టారు గిడ్డంగి ముఖం చూడకుండానే, సుద్ద అంటిన చేతులతో ఉద్యోగ విరమణ చేశారు. ఇప్పుడు ఇంట్లో అన్నానికి ఒక్కరినే పిలుస్తున్నారు. ఆ పిలుపు వంటింటిదాకా వినబడక, ఆవిడ "కాస్త గట్టిగా చెప్పండి" అంటున్నది.